పుటలు దాటే పట్టిక

అరబ్బీ భాషలో 'జద్వల్' అనే పదం ఒకటి ఉన్నది. సెలయేరు అని దాని అర్థం. పట్టిక అనే అర్థం కూడా దానికి కలదు. ఈ రెండవ అర్థంలోనే ఆ మాట ఉర్దూలో స్థిరపడినది. ఏటికీ పట్టికకూ పోలిక ఏమిటని సందేహం కలుగవచ్చు. గట్ల నడుమ నీరు పారినట్లు గీతల నడుమ అంకెలు పై నుండి క్రిందికి సాగిపోవడమే ఆ పోలిక అని నాకు తోస్తున్నది. పట్టిక ఒకే పుటలో ముగిసినంత వరకు చిక్కు లేదు. రెండవ పుటకు, మూడవ పుటకు సాగినప్పుడే గట్టు తెగే ప్రమాదం ఉన్నది. ఆ ప్రమాదం ఎట్టిది, దానిని తప్పించే మార్గం ఏది అన్నదే ఈ వ్యాస విషయం.

ఇది కేవలం ముద్రణాలయాల వారికి సంబంధించిన విషయమని విద్యార్థులు తలచరాదు. కొన్ని సంవత్సరాల క్రితం ఒక కార్యాలయం వారు ఉపకార వేతనాల దరఖాస్తుల జాబితాను గోడకు అంటించారు. జాబితా అనేక పుటలు ఉన్నది. 'అందిన పత్రాలు', 'అందవలసిన పత్రాలు' అనే రెండు నిలువు వరుసలు ప్రక్కప్రక్కనే ఉన్నవి. ఆ శీర్షికలు మొదటి పుట తలపై మాత్రమే ఉన్నవి. నా విద్యార్థిని ఒకతె పేరు నాలుగవ పుటలో ఉన్నది. ఆమె తన పేరుకు ఎదురుగా ఉన్న గుర్తును చూచి, ఆదాయ ధ్రువపత్రం అందినదని భావించి సంతోషంతో ఇంటికి వెళ్ళినది. ఆ గుర్తు నిజానికి 'అందవలసిన' వరుసలోనిది. గడువు దాటిన తరువాత విషయం తెలిసినది. ఆ సంవత్సరం ఆమెకు వేతనం రాలేదు. జాబితాలో ఒక్క అక్షరమైనా తప్పు లేదు. శీర్షిక రెండవసారి వేయకపోవడమే తప్పు.

వాక్యానికీ పట్టికకూ గల భేదం ఇక్కడే ఉన్నది. వాక్యం పుట మారినా తన అర్థాన్ని తనతో తీసుకొని పోతుంది. పట్టికలోని గడికి ఆ శక్తి లేదు. '42' అనే అంకె ఒక గడిలో ఉంటే, అది ఎవరిదో ఎడమ ప్రక్కనున్న పేరు చెప్పాలి. అది మార్కులో, వయస్సో, రూపాయలో తలపైనున్న శీర్షిక చెప్పాలి. ఈ ఇద్దరు సాక్షులలో ఏ ఒక్కరు లేకపోయినా అంకె మూగబోతుంది. పుట మారినప్పుడు పేరు అంకెతో పాటే వస్తుంది. శీర్షిక మాత్రం వెనుక పుటలో నిలిచిపోతుంది. కనుక దానిని మనమే పిలిచి తెచ్చుకోవాలి.

దీర్ఘ పట్టికలు నేటివి కావు. సమర్‌ఖండ్‌లో ఉలుగ్ బేగ్ ఆధ్వర్యంలో 1437 ప్రాంతంలో సిద్ధమైన 'జీజ్' గ్రంథంలో వెయ్యికి పైబడిన నక్షత్రాల స్థానాలు పట్టికలుగా ఉన్నవి. అవి అన్నీ చేతివ్రాతలే. ముద్రణ వచ్చిన తరువాత 1624లో ఆంగ్ల గణితవేత్త హెన్రీ బ్రిగ్స్ 30,000 సంఖ్యల సంవర్గమానాలను 14 దశాంశ స్థానాల వరకు ప్రకటించాడు. 1628లో ఏడ్రియన్ వ్లాక్ 1 నుండి 1,00,000 వరకు గల పట్టికను 10 స్థానాలతో పూర్తి చేశాడు. అట్టి గ్రంథాన్ని ఎవరూ మొదటి నుండి చివరి వరకు చదవరు. కావలసిన చోట తెరుస్తారు. కనుక అందులో ప్రతి పుటా మొదటి పుటయే. ఈ సూత్రాన్ని గ్రహించినవారికి తక్కిన నియమాలన్నీ సులభంగా బోధపడతాయి. 1827లో సంవర్గమాన పట్టికను వెలువరించిన చార్లెస్ బాబేజ్, కంటికి ఏది అనుకూలమో తెలుసుకొనుటకు 1831లో రంగురంగుల కాగితాలపై, వేర్వేరు సిరాలతో పట్టికల నమూనాలను అచ్చువేయించి 21 సంపుటాలుగా కూర్పించాడు. చదువరి కంటికి అంతటి ప్రాధాన్యం ఇచ్చిన పెద్దలు వారు.

సీసపు అక్షరాల కాలంలో ఒక్కొక్క పుటలో ఎన్ని వరుసలు పట్టునో కంపోజిటరు ముందే లెక్కించుకొనేవాడు. ఇప్పుడు ఆ లెక్క కంప్యూటరు చేస్తున్నది. అయితే మనం చెప్పనిదే అది చేయదు. డొనాల్డ్ నూత్ 1978లో వెలువరించిన 'టెక్', దానిపై లెస్లీ లాంపోర్ట్ నిర్మించిన 'లేటెక్' అనే అక్షరకూర్పు సాధనాలనే తీసుకుందాము. లేటెక్‌లోని సాధారణ పట్టికను యంత్రం ఒకే పెద్ద అక్షరంగా భావిస్తుంది. అక్షరాన్ని సగానికి విరిచి రెండు పుటలలో వేయలేము గదా! అందువలన పట్టిక పొడవైతే అది పుట అడుగును దాటిపోయి, మిగిలిన వరుసలు కనబడకుండా పోతాయి. ఈ ఇబ్బందిని తొలగించుటకు డేవిడ్ కార్లైల్ 'లాంగ్‌టేబుల్' అనే ఉపకరణాన్ని వ్రాశాడు. అందులో నాలుగు భాగాలను వేరువేరుగా తెలుపవచ్చు: మొదటి పుట తల, తరువాతి పుటల తల, పుటల అడుగు, చివరి పుట అడుగు. మొదటి తలపై పూర్తి పేరు, తరువాతి తలలపై 'తరువాయి' అనే మాటతో కూడిన శీర్షికలు, అడుగున 'మిగతా తరువాతి పుటలో' అనే సూచన, చివర ముగింపు గీత వేసుకోవచ్చు.

ఇక్కడ ఒక విశేషం ఉన్నది. మూడవ పుటలో ఒక పొడవైన పేరు ఉంటే, దానికి చోటిచ్చుటకు మొదటి పుటలోని వరుస కూడా వెడల్పు కావాలి. మొదటి పుటను కూర్చేటప్పుడు యంత్రానికి మూడవ పుట సంగతి తెలియదు. కనుక లాంగ్‌టేబుల్ కొలతలను ఒక ప్రక్క వ్రాసిపెట్టుకొని, మరల నడిపినప్పుడు వాటిని అన్ని పుటలకూ వర్తింపజేస్తుంది. వెడల్పులు కుదుటపడే వరకు రెండు మూడు పర్యాయాలు నడపవలసి ఉంటుంది.

మన కార్యాలయాలలో అధికంగా వాడే వర్డ్‌లో ఇంత శ్రమ లేదు. పై వరుసను ఎంచుకొని 'రిపీట్ హెడర్ రోస్' అనే ఆదేశం ఇస్తే శీర్షిక ప్రతి పుటకూ వస్తుంది. ఒక వరుస రెండు పుటల మధ్య చీలకుండా ఉండుటకు, వరుసను చీల్చుటకు అనుమతించే గుర్తును తొలగించాలి. పట్టిక మధ్యలో మనమే పుట విరుపు పెట్టినచో ఆ శీర్షిక తిరిగి రాదు. ఈ పొరపాటు తరచు జరుగుతుంటుంది. ఎక్సెల్‌లో 'ప్రింట్ టైటిల్స్' అనే చోట, తిరిగి రావలసిన వరుసను తెలిపితే చాలును.

యంత్రం చేయలేని పనులు కొన్ని మిగిలి ఉన్నవి. ఒక్క వరుసను మాత్రమే చివరి పుటకు నెట్టరాదు. ముందు పుట నుండి రెండు మూడింటిని దానికి తోడుగా పంపాలి. ఒకే తరగతికి లేక ఒకే గ్రామానికి చెందిన పేర్లను వీలైనంతవరకు విడదీయరాదు. అయిదు వరుసలకు ఒకసారి కొద్దిపాటి ఖాళీ ఇస్తే కన్ను ప్రక్క వరుసలోనికి జారిపోదు. అంకెలను ఒకట్ల స్థానం క్రింద ఒకట్ల స్థానం వచ్చునట్లు కుడి వైపుకు సర్దాలి. మొత్తం వేయవలసిన పట్టికలో ప్రతి పుట అడుగున అంతవరకు వచ్చిన మొత్తాన్ని వేసి, దానినే తరువాతి పుట తలపై దించుకోవాలి. లెక్కల పుస్తకాలు వ్రాసే గుమాస్తాలకు ఇది తెలిసిన పద్ధతియే.

తెలుగు, ఉర్దూ రెండూ ప్రక్కప్రక్కన నడిచే మన కళాశాల వంటి చోట మరికొంత జాగ్రత్త అవసరం. ఉర్దూ కుడి నుండి ఎడమకు నడిచే భాష; కనుక ఉర్దూ పట్టికలో క్రమసంఖ్య కుడి అంచున ఉండాలి. కాని అందులోని అంకెలు మాత్రం ఎడమ నుండి కుడికే చదువబడతాయి. రెండు భాషలూ ఒకే పట్టికలో ఉన్నప్పుడు ఏ దిక్కు నుండి మొదలుపెట్టాలో ముందే నిర్ణయించుకొని, చివరి పుట వరకు దానికే కట్టుబడి ఉండాలి. నస్తాలీఖ్ లిపిలో మాట వాలుగా పై నుండి క్రిందికి దిగుతుంది. తెలుగులో ఒత్తులు క్రిందికి దిగుతాయి. ఆంగ్లానికి చాలిన వరుస ఎత్తు ఈ రెంటికీ చాలదు. ఎత్తు పెంచితే పుటకు పట్టే వరుసలు తగ్గి, పుటల సంఖ్య పెరుగుతుంది. కాగితం ఆదా కొరకు అక్షరాలను కుదించుటకంటె ఒక పుట అధికంగా వేయుటయే మేలు.

కళాశాల కమిటీ పెద్దలకు ఒక మనవి. మార్కులు, హాజరు, వేతనాల జాబితాలను గోడకు అంటించే ముందు, అందులో నడిమి పుటను ఒక్కదానిని వేరు చేసి, దానిని ఎన్నడూ చూడని ఒక విద్యార్థి చేత చదివించండి. అతడు ఎవరినీ అడుగకుండా తన పేరునూ, దాని ఎదుటనున్న విషయాన్నీ తెలుసుకొనగలిగితే ఆ పట్టిక సక్రమమైనది. లేనిచో మరల అచ్చు వేయించండి. ఒక కాగితం ఖర్చు స్వల్పమే. నాలుగవ పుటలో పేరున్న విద్యార్థికి కూడా మొదటి పుటలోని వారితో సమానమైన హక్కు కలదు.