ఇంట్లో బాత్‌టబ్బులో కాన్పు: కుటుంబ సభ్యులు తెలుసుకోవలసిన సంగతులు



నెలలు నిండుతున్న కూతురినో కోడలినో చెకప్‌కు తీసుకొచ్చేవారు ఈ మధ్య తరచుగా ఒక ప్రశ్న అడుగుతున్నారు. "సిస్టర్, గోరువెచ్చని నీళ్ళ తొట్టిలో కూర్చుంటే నొప్పులు అంతగా తెలియకుండా కాన్పు అయిపోతుందట కదా! మా ఇంట్లో బాత్‌టబ్ ఉంది, ఇంట్లోనే చేసుకోవచ్చా?" అడిగేది ఎక్కువగా భర్తే. ఫోనులో వీడియో కూడా చూపిస్తాడు. పక్కనున్న అత్తగారు "మా కాలంలో అందరం ఇంట్లోనే కన్నాం" అంటారు. గర్భిణి మాత్రం తల వంచుకొని వింటూ ఉంటుంది. విడిగా కూర్చోబెట్టి మాట్లాడితే తెలుస్తుంది, ఆమెకు ఉన్నది నీళ్ళ మీద ఇష్టం కంటే పెద్దాపరేషన్ మీద భయం.

ఆ భయం ఊరికే పుట్టలేదు. 2019-21 నాటి ఐదవ జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో నూటికి దాదాపు 61 కాన్పులు సిజేరియన్లే. ప్రైవేటు ఆసుపత్రుల్లో అయితే నూటికి 81 పైన. ఇన్ని ఆపరేషన్లు నిజంగా అవసరమా అని మీరు అడిగితే, కాదు అనే నా సమాధానం. కాబట్టి ఆపరేషన్ వద్దనుకునేవారిని నేను తప్పు పట్టను. కానీ దానికి విరుగుడు ఇంటి బాత్‌టబ్ కాదు. ఎందుకు కాదో కొంచెం వివరంగా చెప్పనివ్వండి.

నీళ్ళు మేలు చేసే మాట నిజమే

వెచ్చని నీళ్ళలో కూర్చుంటే నడుము తేలికపడుతుంది, కండరాలు వదులవుతాయి, భయం తగ్గుతుంది. నొప్పుల మొదటి దశలో, అంటే గర్భద్వారం తెరుచుకునే సమయంలో, నీళ్ళలో ఉన్నవారికి నొప్పి మందుల అవసరం తగ్గినట్టు అమెరికా ప్రసూతి వైద్యుల సంఘం కూడా 2016లో ఒప్పుకుంది. బిడ్డ మాత్రం నీళ్ళ బయటే పుట్టడం మంచిదని అదే సంఘం సలహా ఇచ్చింది.

ఈ పద్ధతికి పేరు తెచ్చినవారిలో ఫ్రాన్సు దేశపు డాక్టర్ మిషెల్ ఒదాఁ ఒకరు. పితివియే అనే చిన్న ఊరి ప్రభుత్వ ఆసుపత్రిలో ఆయన నొప్పి తగ్గించడం కోసం నీళ్ళ తొట్టి పెట్టించారు. కొందరు తల్లులు బయటికి రాకముందే బిడ్డలు పుట్టేశారు. అలా జరిగిన నీటి కాన్పుల గురించి 1983లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో రాశారు. ఇందులో ఒక సంగతిని వీడియోలు చెప్పవు. ఆ తొట్టి ఉన్నది ఆసుపత్రిలో. మంత్రసానులు పక్కనే ఉండేవారు, డాక్టరు పిలిస్తే పలికేంత దూరంలో ఉండేవారు.

బ్రిటన్‌లో 70 వేల మందికి పైగా తల్లులు నీటిని వాడిన కాన్పులను పరిశీలించి, 2024లో ఫలితాలు ప్రకటించారు. ఏ ఇబ్బందీ లేని గర్భిణులు, శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ దగ్గర నీళ్ళలో కంటే, బయటికి వచ్చి కన్నవారి కంటే ప్రమాదమేమీ ఎక్కువ కాలేదని తేలింది. అయితే వారిలో చాలామంది నొప్పి మందు కోసమో, వైద్య సాయం కోసమో బిడ్డ పుట్టకముందే నీళ్ళలోంచి బయటికి వచ్చారు. పిలవగానే సాయం దొరికే చోటు కాబట్టే వారికి అది సాధ్యమైంది.

మన ఇంటి టబ్ సంగతి

మన్సూరాబాద్, వనస్థలిపురం, నాగోల్ వైపు చాలా ఇళ్ళలో ఇప్పటికీ బకెట్టు, మగ్గే. కొత్త అపార్టుమెంట్లలో, డూప్లెక్స్ ఇళ్ళలో మాత్రం బాత్‌టబ్బులు కనిపిస్తున్నాయి. ఆ టబ్ ఒక మనిషి పడుకొని స్నానం చేయడానికి చేసింది. లోతు అడుగున్నర మించదు. నిండు గర్భిణి కూర్చుంటే పొట్ట సగం పైకి తేలుతుంది. ఒక పక్క గోడ ఉంటుంది కాబట్టి సాయం చేసేవారు రెండో వైపు నుండి చేయి పెట్టలేరు. అంచు నున్నగా ఉంటుంది. ఆమెకు కళ్ళు తిరిగితే తడి ఒంటితో ఉన్న మనిషిని ఆ ఇరుకులోంచి ఎత్తి బయటికి తేవడం ఇద్దరు మగవాళ్ళకు కూడా కష్టమే.

తరువాత నీళ్ళ వేడి. ఆసుపత్రిలో థర్మామీటరు పెట్టి 37 డిగ్రీల దగ్గర ఉంచుతారు, 37.5 దాటనివ్వరు. తల్లి ఒళ్ళు వేడెక్కితే కడుపులో బిడ్డ గుండె కూడా వేగంగా కొట్టుకుంటుంది. మన బాత్‌రూములో గీజరు పట్టేది 15 లేక 25 లీటర్లు. టబ్ నిండాలంటే 150 లీటర్లకు పైనే కావాలి. ఇక వంటింట్లో కాగబెట్టి గిన్నెలతో మోసుకొచ్చి పోయడం మొదలవుతుంది. ఇంకొందరు హీటర్ రాడ్ పెడదామంటారు. దయచేసి ఆ ఆలోచనే చేయకండి! మనిషి ఉన్న నీళ్ళలో కరెంటు రాడ్ పెడితే కాన్పు సంగతి దేవుడెరుగు, ప్రాణమే పోతుంది.

నీళ్ళ శుభ్రత మరో విషయం. కృష్ణా నీళ్ళయినా బోరు నీళ్ళయినా ముందు సంపులోకి, అక్కడి నుండి పై ట్యాంకులోకి, తరువాత గీజరులోకి వస్తాయి. నిలవ ఉన్న గోరువెచ్చని నీళ్ళలో లీజియోనెల్లా అనే సూక్ష్మజీవి పెరుగుతుంది. 2016లో అమెరికాలోని అరిజోనా రాష్ట్రంలో నీటి కాన్పులో పుట్టిన ఇద్దరు శిశువులకు ఈ జబ్బు సోకింది. దానికి తోడు కాన్పు సమయంలో తల్లికి మలం రావడం మామూలే, అది కూడా ఆ నీళ్ళలోనే కలుస్తుంది.

బిడ్డకు వచ్చే ఇబ్బందులు

ఆరోగ్యంగా ఉన్న బిడ్డ నీళ్ళలో పుట్టిన వెంటనే ఊపిరి తీసుకోడు, ముఖానికి గాలి తగిలాక తీసుకుంటాడు. కానీ కాన్పులో అప్పటికే నలిగిపోయి ఆక్సిజన్ అందని బిడ్డ నీళ్ళలోనే గుటక వేసినట్టు ఊపిరి లాగవచ్చు. ఏ బిడ్డ అలసిపోయాడో గుండె చప్పుడు వింటూ ఉంటేనే తెలుస్తుంది. ఇంట్లో అది వినేవారెవరు? బొడ్డుతాడు పొట్టిగా ఉంటే, కంగారులో బిడ్డను ఒక్కసారిగా పైకి లాగినప్పుడు తెగిపోవచ్చు. అప్పుడు కారేది బిడ్డ రక్తం. అప్పుడే పుట్టిన బిడ్డ ఒంట్లో మొత్తం ఉండేదే ఒక టీ గ్లాసు రెండుసార్లు నింపేంత.

పుట్టిన పదిమందిలో ఒకరికి మొదటి ఊపిరి అందుకోవడానికి ఏదో ఒక సాయం కావాలి. ఆ సాయానికి దొరికే సమయం ఒక్క నిమిషం.

తల్లి రక్తస్రావం

నా దృష్టిలో అన్నిటికంటే ముఖ్యమైనది ఇదే. నెలలు నిండిన గర్భసంచికి నిమిషానికి అర లీటరు, ఆ పైన రక్తం ప్రవహిస్తూ ఉంటుంది. మాయ పడిన తరువాత గర్భసంచి పిడికిలిలా ముడుచుకొని ఆ నాళాలను నొక్కిపెడుతుంది. అది ముడుచుకోకపోతే తెరిచిన కుళాయిలా రక్తం పోతుంది. సాయం అందకపోతే రెండు గంటల్లో ప్రాణం పోవచ్చు. అందుకే ఆసుపత్రిలో బిడ్డ పుట్టగానే తల్లికి ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ ఇస్తాము. మన రాష్ట్రంలో సగానికి పైగా గర్భిణులకు రక్తహీనత ఉంది. ఉన్నదే తక్కువైన మనిషికి కొద్దిగా పోయినా ఎక్కువే.

ఎంత రక్తం పోతున్నదో కంటితో చూసి చెప్పడం మాకే కష్టం. కెన్యా, నైజీరియా, దక్షిణాఫ్రికా, టాంజానియా దేశాల్లో తల్లి కింద కొలత గీతలున్న ప్లాస్టిక్ సంచి పరిచి, ఒక హద్దు దాటగానే వైద్యమంతా ఒకేసారి మొదలుపెట్టారు. తీవ్ర రక్తస్రావం, దానివల్ల వచ్చే పెద్ద ప్రమాదాలు నూటికి 60 వంతులు తగ్గాయని 2023లో ప్రకటించారు. మరి టబ్బులో నీళ్ళన్నీ ఎర్రబడ్డాక ఎంత పోయిందని ఎవరు కొలుస్తారు?

2018 జూలైలో తమిళనాడులోని తిరుప్పూరులో ఒక కుటుంబం యూట్యూబ్ వీడియోలు చూసి ఇంట్లోనే కాన్పు చేసింది. బిడ్డ బ్రతికింది, తల్లి రక్తస్రావంతో చనిపోయింది. ఆమెకు అది రెండవ కాన్పు. ఒకసారి సులువుగా అయింది కదా అని ధీమా పడేవారు ఇది గుర్తుంచుకోవాలి. ఆదికాండములో రాహేలు కూడా రెండవ కాన్పులోనే, ఎఫ్రాతాకు వెళ్ళే దారిలో చనిపోయింది. మంత్రసాని ఆమె పక్కనే ఉన్నది. కావలసిన మందు, రక్తం ఆ కాలంలో లేవు. ఈ రోజు ఉన్నాయి, కానీ అవి మన ఇంటి బాత్‌రూములో లేవు.

"మా కాలంలో" అనే పెద్దవారికి

అత్తగారూ, మీరు అన్నది అబద్ధం కాదు. కానీ ఆ రోజుల్లో బ్రతికి బయటపడ్డవారే ఇప్పుడు మనకు చెబుతున్నారు, మిగిలినవారు చెప్పడానికి లేరు. 1883లో గుంటూరుకు వచ్చిన మిషనరీ డాక్టరమ్మ అన్నా కుగ్లర్ ఇంటింటికీ తిరిగి స్త్రీలకు వైద్యం చేశారు. 1898 నాటికి వారి కోసం ఆసుపత్రి తెరిచారు. ఇళ్ళకు వెళ్ళి చేయగలిగిన దానికి ఒక హద్దు ఉంటుంది మరి. 2018-20 లెక్కల ప్రకారం తెలంగాణలో ప్రాణాలతో పుట్టిన లక్ష మంది శిశువులకు 43 మంది తల్లులు చనిపోయారు, దేశం మొత్తం మీద 97 మంది. ఈ తగ్గుదల వెనుక ఆసుపత్రి కాన్పులున్నాయి.

విదేశాల్లో ఇంట్లో కంటున్నారు కదా అనేవారు కూడా ఉన్నారు. ఇంగ్లండులో 2011లో వెలువడిన అధ్యయనంలో, ఇంట్లో కనాలని సిద్ధపడ్డ తొలిచూలు తల్లుల్లో నూటికి 45 మందిని ఆసుపత్రికి మార్చవలసి వచ్చింది. వారి ఇంటికి శిక్షణ పొందిన మిడ్‌వైఫ్ వచ్చి ఉంటుంది. సాయంత్రం ఆరు గంటలకు ఎల్.బి.నగర్ చౌరస్తా దాటడం ఎలా ఉంటుందో మీకు నేను చెప్పనక్కరలేదు.

అయితే ఏం చేయాలి?

ఆపరేషన్ భయం ఉంటే ఏడవ నెలలోనే ఆసుపత్రిలో అడగండి. నొప్పులప్పుడు ఇంటి మనిషిని పక్కన ఉండనిస్తారా? లేచి నడవనిస్తారా? వేడినీళ్ళ స్నానం చేయనిస్తారా? ఆపరేషన్ అంటే కారణం ముందు మాకు చెబుతారా? ఇలా అడగడం మీ హక్కు, విసుక్కునే చోట కాన్పుకు చేరవద్దు. మిడ్‌వైఫ్ ఉన్నారేమో కనుక్కోండి. మన రాష్ట్ర ప్రభుత్వం 2017లో నర్సులకు 18 నెలల మిడ్‌వైఫరీ శిక్షణ మొదలుపెట్టింది. నీటి కాన్పే కావాలనుకుంటే నగరంలో ఫెర్నాండెజ్ వంటి కొన్ని ఆసుపత్రుల్లో ఆ ఏర్పాటు ఉంది. బి.పి., షుగరు, కవలలు, ఎదురుకాళ్ళు, ఇంతకుముందు ఆపరేషన్, రక్తహీనత ఉన్నవారికి అది కూడా తగదు.

నొప్పులు ఇంకా దూరం దూరంగా వస్తున్నప్పుడు, ఉమ్మనీరు పోకముందు, ఇంట్లో స్టూలు మీద కూర్చోబెట్టి నడుము మీద మగ్గుతో గోరువెచ్చని నీళ్ళు పోయండి. తలుపు గడియ పెట్టుకోనివ్వకండి. టబ్బులో ఉన్నంత సుఖం ఇందులోనూ చాలావరకు ఉంది. నొప్పులు అయిదు నిమిషాలకొకటి వస్తున్నా, ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, బిడ్డ కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్ళు మసకబారినా ఆగకుండా బయలుదేరండి. 108కి ఫోను చేస్తే డబ్బు తీసుకోరు.

అనుకోకుండా బాత్‌రూములోనే అయిపోతే

రెండవ, మూడవ కాన్పుల్లో ఇది జరుగుతూ ఉంటుంది. నొప్పుల్లో ఉన్న మనిషి "లెట్రిన్ వచ్చినట్టుంది" అంటే కమోడ్ మీద కూర్చోనివ్వకండి, బిడ్డ తల కిందికి దిగినప్పుడు అలాగే అనిపిస్తుంది. నేల మీద శుభ్రమైన దుప్పటి వేసి ఎడమవైపు పడుకోబెట్టి 108కి ఫోను చేయండి. ఫోనులో వారు చెప్పినట్టు చేయండి. బిడ్డను లాగవద్దు, వస్తున్న తలకు అరచేయి ఆనించండి చాలు. నీళ్ళలో పుట్టేస్తే వెంటనే, కానీ నెమ్మదిగా, ముఖం పైకి తేండి. ఒకసారి గాలి తగిలిన ముఖాన్ని మళ్ళీ నీళ్ళలో ముంచవద్దు. పొడి బట్టతో ఒళ్ళంతా తుడిచి, తల్లి రొమ్ము మీద పడుకోబెట్టి ఇద్దరినీ కలిపి కప్పండి. తలకిందులుగా పట్టుకొని కొట్టడం వద్దు. తుడిచినా ఏడవకపోతే వీపు మీద గట్టిగా రుద్దండి. వెంటనే పాలు పట్టించండి, బిడ్డ చప్పరించే కొద్దీ గర్భసంచి ముడుచుకుంటుంది.

బొడ్డుతాడును బ్లేడుతో కోయకండి, పసుపు, బూడిద పెట్టకండి. తెగిపోయి ఉంటే మాత్రం బిడ్డ వైపు కొసను రెండు వేళ్ళతో గట్టిగా నొక్కిపట్టుకోండి. మాయ కోసం తాడు లాగకండి, అదే వస్తుంది. వచ్చాక రక్తం ఆగకపోతే బొడ్డు కింద పొట్టను అరచేతితో గట్టిగా గుండ్రంగా రుద్దండి, లోపల బంతిలా గట్టిగా తగలాలి. మాయను పారేయకుండా శుభ్రమైన కవర్లో వేసి, బిడ్డ పక్కనే ఉంచి తీసుకురండి. అది పూర్తిగా వచ్చిందో, ముక్క ఏదైనా లోపల ఉండిపోయిందో మేము చూడాలి.