బిళ్ళ విసురుతూ బస్సు యాత్ర: కరీంనగర్ నుంచి ఆదిలాబాద్ దాకా

పిల్లలూ! చిర్రగోనె ఆటలో చిన్న కర్రముక్కను ఎంత దూరం కొడితే అంత గొప్ప. పడ్డ చోటినుంచి పెద్ద కర్రతో కొలుచుకుంటూ వచ్చి, లెక్క ఎక్కువైన వాడు గెలిచాడంటారు. దీనికి సరిగ్గా తలకిందులుగా ఉండే ఆట ఒకటుంది. దాని పేరు డిస్క్ గోల్ఫ్. ఇందులో కొట్టేది కర్రను కాదు. జానెడు వెడల్పున్న ప్లాస్టిక్ బిళ్ళను చేత్తో విసురుతారు. దూరాన ఒక గురి ఉంటుంది. బిళ్ళ ఎక్కడ పడితే అక్కడే నిలబడి మళ్ళీ విసరాలి. అతి తక్కువ విసుర్లలో గురిని చేరినవాడే గెలుస్తాడు.

అమెరికాలో ఈ బిళ్ళలను 1957 నుంచి ఫ్రిస్బీ అనే పేరుతో అమ్ముతున్నారు. ఎడ్ హెడ్రిక్ అనే ఆయన 1975లో కాలిఫోర్నియాలోని ఓక్ గ్రోవ్ పార్కులో డిస్క్ గోల్ఫ్ కోసమే ఒక శాశ్వత మైదానం ఏర్పాటు చేశాడు. మొదట గుంజలే గురి. బిళ్ళ గుంజకు తగిలిందా లేదా అని తగాదాలు రాకుండా, గుంజకు గొలుసులు వేలాడదీసి కింద బుట్ట అమర్చడం తర్వాత వచ్చింది. గొలుసు గలగలమంటే తగిలినట్టే, బుట్టలో పడితే ముగిసినట్టే. ఇప్పుడు అక్కడి ఆటగాళ్ళు, ఉత్తరాన మంచు పడే కాలంలో, కారులో బిళ్ళలు వేసుకుని జార్జియా, దక్షిణ కరోలినా వంటి దక్షిణ రాష్ట్రాలకు బయలుదేరతారు. ఊరికో మైదానం చొప్పున ఆడుకుంటూ పోతారు. దక్షిణ కరోలినాలోని రాక్ హిల్ పట్టణంలో 1999 నుంచి పెద్ద పోటీలు జరుగుతున్నాయి.

మనమూ అలాంటి యాత్ర ఒకటి ఆలోచిద్దాం. కరీంనగర్‌లో బయలుదేరి గోదావరి దాటి ఆదిలాబాద్ చేరాలి. గొలుసుల బుట్టలు మనకు అవసరం లేదు. చెట్టుకు మేకు కొట్టకుండా ఒక తువాలు చుట్టి కడితే అదే గురి. తువాలుకు తగిలితే ఆ ఆట అయిపోయినట్టు. అరవై మీటర్ల దూరాన ఒక గురి, అక్కడినుంచి ఇంకోవైపు మరొకటి, ఇలా తొమ్మిది గురులు పెట్టుకుంటే బడి మైదానంలోనే గంటన్నర ఆట.

యాత్ర కంటే ముందు బిళ్ళ సంగతి తెలుసుకోవాలి. తెలియకపోతే దారి పొడవునా విసిరినా విసిరినట్టే ఉంటుంది తప్ప ఏమీ అర్థం కాదు.

బిళ్ళను తిప్పకుండా ఊరికే తోసి చూడండి. రెండు గజాలు పోయి తలకిందులై పడుతుంది. అదే మణికట్టు విదిలించి తిప్పుతూ విసిరితే కదలని బల్లలాగా తేలుతూ పోతుంది. కారణం బొంగరంలో ఉన్నదే. తిరుగుతున్న వస్తువు తన ఇరుసు దిశను అంత సులభంగా మార్చుకోదు. ఇక బిళ్ళ ముందుకు పోతూ గాలిని కిందికి తోస్తుంది, గాలి దాన్ని పైకి తోస్తుంది. సుమారు 170 గ్రాముల బిళ్ళ కొంతసేపు నేలకు దిగకుండా ఉండడానికి ఆ తోపుడే ఆధారం.

బిళ్ళ అంచు మందంగా, నడుమ పలుచగా ఎందుకుంటుందో గమనించారా? బరువు ఎంత అంచుకు ఉంటే తిరుగుడు అంత గట్టిగా నిలుస్తుంది. మొత్తం బరువు అంచులోనే ఉన్న కంకణాన్ని, అంతే బరువు, అంతే వెడల్పు ఉండి అంతటా ఒకే మందం ఉన్న బిళ్ళను పోల్చండి. తిరుగుడును మార్చకుండా అడ్డుకునే గుణం కంకణానికి సరిగ్గా రెండింతలు ఉంటుంది. నమ్మకం కలగకపోతే ఇంట్లోనే చూడవచ్చు. కాగితపు పళ్ళాలు రెండేసి బోర్లించి అతికించి రెండు బిళ్ళలు చేయండి. ఒకదానికి అంచు చుట్టూ లోపల 20 గ్రాముల బంకమట్టి పూయండి, రెండోదానికి అంతే మట్టి నడిమధ్యలో పెట్టండి. రెండూ ఒకే బరువు. ఏది తిన్నగా పోతుందో మీరే చూస్తారు. స్టీలు పళ్ళెం మాత్రం ఎవరూ విసరకండి. దాని అంచు కత్తిలాగా తెగుతుంది.

ఇంకొక వింత ఉంది. కుడిచేతివాడు చేతిని ఎడమకు మడిచి బయటికి విసిరితే, పైనుంచి చూసేవారికి బిళ్ళ గడియారం ముల్లు తిరిగే వైపే తిరుగుతుంది. అలాంటి బిళ్ళ వేగం తగ్గాక, చివర్లో, ఎడమవైపు ఒరిగి దిగుతుంది. ఎవరు విసిరినా అంతే. వేగం తగ్గినప్పుడు గాలి తోపుడు బిళ్ళ ముందు భాగాన్ని పైకి లేపాలని చూస్తుంది. కానీ తిరిగే వస్తువు మనం తోసిన వైపు వంగదు, దానికి అడ్డంగా వంగుతుంది. తిరుగుతున్న బొంగరాన్ని వేలితో ఒక పక్కకు మెల్లగా తోసి చూడండి, మరో పక్కకు వాలుతుంది. ఇక్కడా అదే. ముందు లేవాల్సిన బిళ్ళకు ఎడమ అంచు దిగుతుంది. ఎడమచేతి వాళ్ళకు ఇదంతా అద్దంలో చూసినట్టు కుడివైపు జరుగుతుంది. కాబట్టి గురికి కాస్త కుడిగా విసరడం నేర్చుకోవాలి.

సరే, ఇక దారి. గోడకు వేలాడే పటం తీసుకోండి. 1 సెంటీమీటరుకు 10 కిలోమీటర్లు ఉన్న పటమైతే లెక్క తేలిక. దారి వంపుల వెంట దారం పరచి, ఆ దారాన్ని కొలబద్ద మీద పెట్టండి. నిర్మల్ నుంచి ఆదిలాబాద్‌కు దారం 8 సెంటీమీటర్లకు దగ్గరగా వస్తే మీ పని సరిగ్గా ఉన్నట్టే, ఎందుకంటే ఆ దూరం సుమారు 80 కిలోమీటర్లు. చిన్న పటంలో చిన్న వంపులు కనబడవు గనుక వచ్చిన లెక్కకు పదోవంతు కలుపుకోండి. మన యాత్ర పోనూ రానూ 500 కిలోమీటర్లు దాటుతుంది. బస్సు లీటరుకు 4 కిలోమీటర్లు పోతుందనుకుంటే 125 లీటర్ల పైచిలుకు డీజిలు. ధర అడిగి తెలుసుకుని తలకెంత పడుతుందో మీరే తేల్చండి. ఊళ్ళ మధ్య ఆగుతూ పోయే బస్సు గంటకు 35 కిలోమీటర్ల కంటే ఎక్కువ సాగదని వేసుకోవడం మంచిది. రోజుకు 200 కిలోమీటర్లు పెట్టుకుంటే పిల్లలు కిటికీలోంచి చూడడమే మిగులుతుంది. ఆట ఉండదు, చూడడమూ ఉండదు.

ఏ కాలంలో పోవాలన్నది దీనికంటే పెద్ద ప్రశ్న. మే నెలలో రామగుండం ఎండ 45 డిగ్రీలు దాటడం మామూలే. వర్షాకాలంలో జలపాతాలు నిండుగా ఉంటాయి నిజమే, కానీ వాగులూ నిండుగానే ఉంటాయి. 2022 జూలైలో కడెం ప్రాజెక్టుకు వచ్చిన వరద గేట్ల మీదినుంచి పొర్లిపోయింది. కట్ట నిలుస్తుందా లేదా అని కింది ఊళ్ళవాళ్ళు ఊపిరి బిగబట్టుకున్నారు. అలాంటి రోజుల్లో బస్సు నిండా పిల్లలతో కడెం దారిన పోవడం తెలివైన పని కాదు. డిసెంబరు, జనవరిలో ఆదిలాబాద్ వైపు వణికించే చలి. ఒక్కోసారి తెల్లవారుజామున 5 డిగ్రీలకు దగ్గరగా దిగుతుంది. నా మటుకు నేను నవంబరు రెండో సగానికే ఓటు వేస్తాను. వాన వెనకబడి ఉంటుంది, జలపాతంలో నీళ్ళింకా ఉంటాయి.

చలి మాట వచ్చింది కాబట్టి చిన్న లెక్క. గాలి వేడెక్కితే వ్యాకోచించి పలుచబడుతుంది. 45 డిగ్రీల గాలిని 5 డిగ్రీల గాలితో పోల్చాలంటే రెండింటికీ 273 కలపాలి: 318, 278. మొదటిదాన్ని రెండోదానితో భాగిస్తే 1.14 వస్తుంది. అంటే పీడనం ఒకటే అయినప్పుడు ఆదిలాబాద్ చలి ఉదయపు గాలి, రామగుండం మండుటెండ గాలి కంటే నూటికి 14 వంతులు చిక్కన. చిక్కని గాలి బిళ్ళను ఎక్కువగా మోస్తుంది, ఎక్కువగా ఆపుతుంది కూడా. పైగా చలికి ప్లాస్టిక్ బిగుసుకుని చేతిలోంచి జారుతుంది.

మొదటిరోజు ఉదయం కరీంనగర్‌లోనే దిగువ మానేరు జలాశయం చూడండి. 1974లో పని మొదలై 1985లో పూర్తయింది. కట్ట మీద బిళ్ళ విసరవద్దు. నీళ్ళలో పడితే చాలా బిళ్ళలు మునిగిపోతాయి. దానికోసం ఎవరైనా దిగితే అది అంతకంటే ప్రమాదం. కట్టకు దూరంగా ఖాళీ జాగాలో ఎదురుగాలికి ఒకసారి, గాలి వాలుకు ఒకసారి విసిరి దూరాలు రాసుకోండి. గాలి వెనకనుంచి వీస్తే దూరం పోవాలి కదా అని అందరూ అనుకుంటారు. కానీ బిళ్ళను మోసేది, దానికి తగిలే గాలి వేగమే. వెనకగాలిలో అది తగ్గి బిళ్ళ తొందరగా దిగజారి ఎడమకు ఒరగవచ్చు. ఎదురుగాలిలో పైకి లేచి, కొన్నిసార్లు కుడికి తిరుగుతుంది.

పెద్దపల్లి మీదుగా రామగుండం చేరేసరికి మధ్యాహ్నం. అక్కడి ఎన్‌టీపీసీ విద్యుత్కేంద్రానికి 1978లో పునాదిరాయి వేశారు. దశలవారీగా పెరిగి 2600 మెగావాట్లయింది. దాని జలాశయం మీదే 2022లో 100 మెగావాట్ల తేలే సౌర ఫలకాలు వచ్చాయి. ఒకే చోట గోదావరిఖని బొగ్గు, సూర్యకాంతి రెండూ కరెంటవుతున్నాయి. ఆ బొగ్గు కూడా 25 కోట్ల ఏళ్ళకు పైబడిన పాత అడవులు దాచుకున్న సూర్యకాంతే కదా! లోపలికి పోవాలంటే నెల రోజుల ముందే బడి తరఫున ఉత్తరం రాయాలి. అనుమతి రాకపోయినా బయటినుంచి చేయగల పరిశీలన ఒకటుంది. పొగగొట్టం పొగ ఎటు పోతున్నదో చూడండి. అదే సమయంలో మీరున్న చోట గుప్పెడు ఎండుగడ్డి పైనుంచి వదలండి. రెండు దిశలూ చాలాసార్లు కలవవు. నేలమీద చెట్లు, ఇళ్ళు గాలిని అడ్డుకుని మళ్ళిస్తాయి. ఎత్తుకు పోయినకొద్దీ గాలికి అడ్డు తక్కువ, వేగం ఎక్కువ. పొగను చూసి బిళ్ళ విసిరినవాడు మోసపోతాడు.

ఇక్కడ గోదావరి వంతెన దాటితే పాత ఆదిలాబాద్ జిల్లా. 2016 అక్టోబరులో జిల్లాలను విడదీశాక అవతలి గట్టు మంచిర్యాల జిల్లా అయింది. రాత్రి బస మంచిర్యాలలో.

మంచిర్యాలలో మీకు పెద్ద చిక్కు వస్తుంది. ప్రాణహిత ఒడ్డున వేమనపల్లి వైపు యామన్‌పల్లి దగ్గర రాక్షసబల్లి ఎముకలు దొరికాయని పుస్తకాల్లో చదివి ఉంటారు. 1988లో యాదగిరి అనే భూవిజ్ఞాన శాస్త్రవేత్త దానికి కోటసారస్ అని పేరు పెట్టారు. చెట్ల ఆకులు మేసే పొడవు మెడ జంతువు. సుమారు 18 కోట్ల ఏళ్ళ నాటిది. పోదామా అంటే రోజంతా అటే గడిచిపోతుంది. పోయినా చూడడానికి రాతి పొరలే తప్ప అస్థిపంజరం ఉండదు. దాన్ని హైదరాబాదులో బిర్లా సైన్సు మ్యూజియంలో నిలబెట్టారు. కాబట్టి ఈ యాత్రలో ప్రాణహితను వదిలేసి, హైదరాబాదు పోయినప్పుడు చూడమంటాను. ఒప్పుకోని వాళ్ళు మీలో ఉంటే తరగతిలో వాదించుకుని తేల్చుకోండి. నాలుగో రోజు దొరికితే నేనూ వస్తాను!

రెండోరోజు లక్సెట్టిపేట మీదుగా జన్నారం. ఇక్కడినుంచి కవ్వాల్ అడవి. 1965లో అభయారణ్యమై, 2012లో పులుల సంరక్షణ కేంద్రమైంది. ఈ దారిలో బిళ్ళలు సంచిలోనే ఉండాలి. ప్లాస్టిక్ ముక్క పొదలో పడితే ఏళ్ళతరబడి అక్కడే ఉంటుంది, జింక నోటపడితే దానికి ప్రాణం మీదికి వస్తుంది. పగలే అడవి దాటేలా బయలుదేరాలి. కడెం దగ్గర ఆగి గేట్లు చూసి, చీకటి పడకముందే నిర్మల్ చేరాలి.

నిర్మల్ బొమ్మలు తెలియని వారెవరు? వాటిని పొణికి చెక్కతో చేస్తారు. చేతిలో పట్టుకుంటే ఇంత తేలికా అనిపిస్తుంది. అలాంటి తేలిక చెక్కతో బిళ్ళ చేస్తే ఎట్లా ఎగురుతుందో, పైన చెప్పిన అంచు బరువు సంగతి గుర్తుంచుకుని, ముందే ఊహించి రాసుకోండి.

మూడోరోజు నేరడిగొండ దగ్గర కుంటాల. కడెం వాగు సుమారు 45 మీటర్లు దూకుతుంది. ఇంతకుముందు ఇక్కడ ఎంతోమంది ప్రాణాలు పోయాయి. పాచి పట్టిన బండ, పైకి నిశ్చలంగా కనబడే లోతు మడుగు, ఈ రెండే కారణాలు. మెట్లు దిగి దూరంనుంచి చూడడమే మన పని. నీటిలోకి ఒక్క అడుగు కూడా వద్దు. ఉపాధ్యాయులు ముందొకరు, వెనకొకరు ఉండాలి, తలలు లెక్కపెట్టాలి. దూరంనుంచి చేయగల లెక్క ఉంది: ఏ అడ్డూ లేకుండా రాయి 45 మీటర్లు పడడానికి సుమారు 3 సెకన్లు పడుతుంది. నీటి తెల్లని నురుగు ముద్ద ఒకటి ఎంచుకుని గడియారంతో చూడండి. ఎక్కువ సమయం తీసుకుంటుంది, ఎందుకంటే అది బండలకు తగులుతూ, గాలికి చెదురుతూ దిగుతుంది.

అక్కడినుంచి ఆదిలాబాద్ దాకా రోడ్డుకు ఇరువైపులా నల్లరేగడి, పత్తి చేలు. నవంబరులో పత్తి ఏరుతుంటారు. చేనులో బిళ్ళ పడితే దానికోసం చెట్లు తొక్కుకుంటూ పోకూడదు. అసలు చేల పక్కన విసరనే కూడదు. ముందుగా అడిగి పెట్టుకున్న బడి మైదానంలో సాయంత్రం తొమ్మిది గురులు ఆడి, మరునాడు పొద్దున్నే చలిలో అవే గురులు మళ్ళీ ఆడండి. గాలి, ఉష్ణోగ్రత, విసుర్ల సంఖ్య మూడు గడుల్లో రాయండి. తిరుగుదారి నిర్మల్, మెట్‌పల్లి, జగిత్యాల మీదుగా. ఆ బస్సులో కూర్చుని కరీంనగర్ అంకెలను, ఆదిలాబాద్ అంకెలను పక్కపక్కన పెట్టి చూడండి. ఎవరి విసుర్లు తగ్గితే చలిగాలి వల్లనా, మూడు రోజుల సాధన వల్లనా అన్నది తేల్చడానికి ఇంకేం కొలిచి ఉండాల్సిందో కూడా రాసుకోండి.