ఆకుపచ్చ తెర, పెద్దమ్మ పట్టుచీర



ప్రతి సంవత్సరము నవంబరు 2వ తేదీన మన మారిషస్‌లో ఒప్పంద కూలీల రాకను స్మరించుకుంటాము. ఆ దినమునకై మా సాయంకాలపు తెలుగు తరగతి పిల్లలు ఒక చిన్న వీడియో తీయదలచారు. ఎనభై ఏళ్లు దాటిన ఒక పెద్దమ్మ రామభజన పాడవలెను. ఆమె వెనుక ఆప్రవాసీ ఘాట్ మెట్లు కనిపించవలెను. గోడకు ఆకుపచ్చ గుడ్డ కట్టి, ముందు కుర్చీ వేశారు. పెద్దమ్మ తన మంచి చీర కట్టుకొని వచ్చింది. అది చిలకపచ్చ పట్టుచీర.

కంప్యూటరులో ఆకుపచ్చను తీసివేయగానే, మెట్ల మీద ఒక తల, రెండు చేతులు మాత్రమే మిగిలి పాడుచున్నవి! పిల్లలు పకపక నవ్వారు. పెద్దమ్మ నవ్వలేదు. "ఇదేమిటర్రా, నన్ను తుడిచేశారు!" అన్నది. ఆ మాట నా మనస్సులో గుచ్చుకున్నది. అందుచేత ఈ పద్ధతిని గురించి నేను తెలుసుకున్నది ఇక్కడ వ్రాస్తున్నాను.

దీనిని క్రోమా కీ అంటారు. ఇందులో కంప్యూటరుకు మనిషి తెలియదు, గుడ్డ తెలియదు. రంగు మాత్రమే తెలుసు. మనము చూపిన రంగు ఎక్కడ ఉన్నా అక్కడ బొమ్మకు రంధ్రము చేస్తుంది. ఆ రంధ్రములోనుండి క్రింద ఉంచిన రెండవ బొమ్మ కనిపిస్తుంది.

మరి ఆకుపచ్చయే ఎందుకు? మనిషి నలుపైనా తెలుపైనా చర్మములో ఎరుపు పాలు ఎక్కువ. ఆకుపచ్చ, నీలము దానికి దూరమైన రంగులు. పైగా నేటి కెమెరాలలో సాధారణముగా ప్రతి 4 కాంతి గడులలో 2 ఆకుపచ్చకు, 1 ఎరుపుకు, 1 నీలమునకు ఉంటాయి. కనుక ఆకుపచ్చ స్పష్టముగా నమోదు అవుతుంది. పూర్వము సినిమాలలో నీలి తెరనే ఎక్కువగా వాడేవారు. 1940లో వచ్చిన 'ది థీఫ్ ఆఫ్ బాగ్దాద్' చిత్రములో నీలి తెరతోనే అద్భుత దృశ్యములు చేశారు.

ఇక పని చేయు విధానము.

మొదటిది, గుడ్డ. ముడతలు, మెరుపు ఉండరాదు. రెండు ప్రక్కల నుండి సమానముగా వెలుతురు పడవలెను. నీడ పడినచోట అదే గుడ్డ కెమెరాకు వేరే రంగుగా కనిపిస్తుంది. "చెరుకు తోట ముందు నిలబడితే చాలదా?" అని ఒక పిల్లవాడు అడిగాడు. చాలదు. ఎండ తగిలిన ఆకు పసుపుగా, నీడలోని ఆకు నల్లగా ఉంటుంది. ఒకే ఆకుపచ్చ దొరకదు.

రెండవది, దూరము. మనిషి గుడ్డకు సుమారు 2 మీటర్లు ముందు ఉండవలెను. లేనిచో గుడ్డ రంగు భుజముల మీద, జుట్టు మీద ప్రతిఫలిస్తుంది. మనిషికి వేరే దీపము పెట్టవలెను.

మూడవది, సాఫ్ట్‌వేరు. మనిషి వీడియోను పై వరుసలో, వెనుక కనిపించవలసిన బొమ్మను క్రింది వరుసలో ఉంచవలెను. పై వీడియోకు క్రోమా కీ జతచేసి గుడ్డ రంగును ఎంచుకోవలెను. ఉచితముగా దొరికే ఓబీఎస్ స్టూడియోలో సిమిలారిటీ, స్మూత్‌నెస్, స్పిల్ రిడక్షన్ అని మూడు సర్దుబాట్లు ఉన్నవి. మొదటిది ఎంత దగ్గరి రంగుల వరకు తీసివేయవలెనో చెబుతుంది. మరీ పెంచితే మనిషినే కొరుకుతుంది. రెండవది అంచులను మెత్తపరుస్తుంది. మూడవది ఒంటిమీద పడిన ఆకుపచ్చ ఛాయను తగ్గిస్తుంది. వెలుతురు బాగుంటే వీటిని కొద్దిగా కదిపితే చాలును.

నేడు కొన్ని సాఫ్ట్‌వేర్లు తెర లేకుండానే మనిషి ఆకారమును వేరుచేస్తున్నవి. కాని జుట్టు దగ్గర, కదిలే వ్రేళ్ల దగ్గర తరచుగా పొరబడుతున్నవి.

పెద్దమ్మను చీర మార్చుకోమని అడుగుదామని పిల్లలు అన్నారు. నేను వద్దన్నాను. చీర ఆమెది, తెర మనది, మార్చవలసినది తెరనే. నీలి గుడ్డ కట్టి మరల తీశాము. ఈసారి చీర, జరీ అంచు, అన్నీ నిలిచినవి. పెద్దమ్మ చూసి, "ఇప్పుడు నేనే" అన్నది. కొంచెము ఆగి, "కాని ఆ మెట్ల మీద నేనెప్పుడు కూర్చున్నానురా?" అని అడిగింది.

ఆ ప్రశ్న న్యాయమైనది. ఆ 16 మెట్లు వేలాది కూలీలు నిజముగా ఎక్కినవి. 2006లో యునెస్కో ఆ స్థలమును ప్రపంచ వారసత్వముగా గుర్తించింది. అక్కడ లేనివారిని ఉన్నట్లు చూపి ఊరుకుంటే, రేపటి మనుమలు దేనిని నమ్మవలెను? అందుచేత "వెనుక దృశ్యము తరువాత చేర్చబడినది" అని వీడియో మీద వ్రాశాము. నీలి గుడ్డ ముందు ఆమె పాడిన అసలు వీడియోను మార్చకుండా వేరుగా దాచాము.

మీరును మీ ఇంటి పెద్దల పాటలు, మాటలు ఇప్పుడే తీసి ఉంచండి. గుడ్డ లేకపోయినా ఫరవాలేదు, వంటింటి గోడ చాలును. వెనుక బొమ్మ ఎప్పుడైనా మార్చవచ్చును. ఆ గొంతు మరల దొరకదు.

నేను సాయంకాలపు బడిలో తెలుగు నేర్చుకున్నవాడను. దోషములు ఉన్నచో మన్నించగలరు.