నున్నని గొట్టం, పిడికెడు సీసం

పత్తర్‌గట్టీ, చార్మినార్ చుట్టుపక్కల బ్యాంకుల గుమ్మాల్లో కాపలాదారు భుజాన కనిపించే పొడవాటి తుపాకి చాలావరకు ట్వెల్వ్ బోరే. మూసీ ఒడ్డున సాలార్‌జంగ్ మ్యూజియంలోని ఆయుధాల గదికి వెళ్తే దాని తాతముత్తాతలను చూడొచ్చు. గొట్టంలో మందు దంచి, వత్తితోనో చెకుముకి రాయితోనో నిప్పు ముట్టించే రోజుల నాటివి అవి. వందల ఏళ్లలో ఈ తుపాకికి మందు పెట్టే తీరు మారింది, పేల్చే తీరు మారింది. గొట్టం లోపలి నునుపు మాత్రం మారలేదు.

అసలు రహస్యం ఆ నునుపులోనే ఉంది. రైఫిల్ గొట్టం లోపల మెలి తిరిగిన గాడులుంటాయి. అవి ఒక్క తూటాను బొంగరంలా తిప్పి దూరానికి, సూటిగా పంపుతాయి. నున్నని గొట్టమున్న ఈ తుపాకికి, అంటే షాట్‌గన్‌కు, గాడులు లేవు కాబట్టి గుండు దూరం పోదు. అయితే ఏది పెట్టినా పేలుస్తుంది. పిట్టకు ఆవగింజంత సీసపు గుళ్లు, జింకకు శనగగింజంతవి, అడవిపందికి ఒకే పెద్ద గుండు. తుపాకి అదే, తూటా మారితే చాలు. ఇన్ని పనులకు పనికొచ్చే ఆయుధం మరొకటి లేదని చెప్పడానికి నేను వెనకాడను.

‘ట్వెల్వ్ బోర్’ లెక్క కూడా సీసం తూకంలోంచే వచ్చింది. ఒక పౌను సీసాన్ని 12 సమాన గుండ్లుగా పోస్తే ఒక్కో గుండు దాదాపు 38 గ్రాములు తూగుతుంది. ఆ గుండు పట్టే గొట్టం ట్వెల్వ్ బోర్, లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు. అందుకే అంకె పెరిగేకొద్దీ గొట్టం సన్నబడుతుంది.

చెకుముకి తుపాకితో వేటగాళ్లకు పెద్ద చిక్కు ఉండేది. బయటి పళ్లెంలో మందు భగ్గుమన్నాక లోపలి మందు అంటుకోవడానికి రెప్పపాటు ఆలస్యమయ్యేది. ఆ మెరుపు చూసి బాతులు లేచిపోయేవి. ఈ బాధ పడలేకే స్కాట్లాండ్ చర్చి పాదరీ అలెగ్జాండర్ ఫోర్సిత్, దెబ్బ తగలగానే పేలే రసాయనంతో నిప్పు పుట్టించే పద్ధతి కనిపెట్టి 1807లో పేటెంటు పొందాడు. సైనికుల తుపాకులు కూడా తర్వాత ఆ దారే పట్టాయి.

ఆపైన జరిగిన మార్పులు చాలావరకు మన ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ జీవితకాలంలో జరిగినవే. పురానీ హవేలీలో ఉంటూ పులుల వేటకు పేరుమోసిన ఆయన 1866లో పుట్టాడు. సరిగ్గా ఆ ఏడాదే ఇంగ్లండులో పేప్ అనే తుపాకుల తయారీదారు ‘చోక్’కు పేటెంటు తీసుకున్నాడు. గొట్టం మూతిని ఒక్క మిల్లీమీటరు బిగిస్తే గుళ్లు చెదరకుండా గుంపుగా ఎక్కువ దూరం పోతాయి. ఫుల్ చోక్‌తో 36 మీటర్ల దూరాన 76 సెంటీమీటర్ల వలయంలో నూటికి 70 గుళ్లు పడతాయి. చోక్ లేకుంటే నలభైయే. 1875లో ఆన్సన్, డీలీ అనే ఇద్దరు సుత్తులను లోపల దాచేసిన తుపాకి చేశారు. గొట్టాన్ని వంచితే చాలు, అదే ఎక్కుపెట్టుకుంటుంది.

నాకు అన్నిటికంటే ముచ్చటగొలిపేది 1885 నాటి ‘పారడాక్స్’. బెంగాల్ సైన్యంలో పనిచేసిన ఫాస్‌బరీ అనే అధికారి దీన్ని రూపొందించాడు. గొట్టమంతా నునుపే, మూతి దగ్గర కొన్ని అంగుళాలు మాత్రమే గాడులు. దట్టమైన అడవిలో పొదలోంచి అడవికోడి వస్తుందో ఎలుగుబంటి వస్తుందో తెలియని వేటగాడికి గుళ్లూ గుండూ రెండూ పేల్చే ఈ తుపాకి సరిగ్గా సరిపోయింది. నిజాం 1911లో కన్నుమూసేనాటికి పంపు తుపాకి, తనంతట తానే తూటా ఎక్కించుకునే ఆటోమేటిక్ కూడా వచ్చేశాయి. పంపు తుపాకిని విజయవంతంగా తీర్చిదిద్దిందీ, ఆటోమేటిక్‌ను రూపొందించిందీ అమెరికాకు చెందిన జాన్ బ్రౌనింగే.

1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం ఈ వేట ముచ్చటకు ముగింపు పలికింది. అది జరగాల్సిందే. పులి చర్మాలతో ఫొటోలు దిగిన కాలం పోవడం మంచిదే. అయితే తుపాకి గుణం తుపాకిదే. లేచే పిట్టను అందుకోవడానికి పుట్టిన ఆ చెదిరే గుళ్లు జనం మీద పేలితే ఎవరికి ఎక్కడ తగులుతాయో పేల్చినవాడికే తెలియదు. 2016లో కశ్మీర్‌లో నిరసనకారులపై భద్రతా దళాలు పేల్చిన ఇలాంటి గుళ్లు (పెల్లెట్లు) తగిలి వందలాది మంది కళ్లు దెబ్బతిన్నాయి. గుంపులను చెదరగొట్టే సాధనంగా దీన్ని వాడటం తప్పని నా నమ్మకం.

ఈ తుపాకికి తగిన గురి 1880లోనే దొరికింది. అమెరికాలో జార్జ్ లిగౌస్కీ ప్రాణమున్న పావురాలకు బదులు మట్టి బిళ్లలను గాల్లోకి విసిరే పద్ధతి తెచ్చాడు. ఆ బిళ్లలను పేల్చే నేటి ట్రాప్ పోటీలో బిళ్ల వ్యాసం 11 సెంటీమీటర్లు, తూటాలో సీసం 24 గ్రాములకు మించకూడదు. అదే ట్వెల్వ్ బోర్, అదే నున్నని గొట్టం. మన హైదరాబాదీ కైనన్ చెనాయ్ ఆ తుపాకితోనే 2016 రియో ఒలింపిక్స్‌కు వెళ్లాడు. 2023లో హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో పృథ్వీరాజ్ తొండైమాన్, జొరావర్ సింగ్ సంధులతో కలిసి టీమ్ స్వర్ణం, ఒంటరిగా కాంస్యం గెలిచాడు. ఖర్చుతో కూడిన ఆట కావడంతో సామాన్యుల పిల్లలు దీని దరిదాపులకు రాలేకపోతున్నారు. తూటాల ఖర్చు ప్రభుత్వమే భరించి, పాతబస్తీ బడుల పిల్లలను కూడా రేంజికి తీసుకురావాలి.