రేకుల మోత

మా ఊరు బటాంగ్ బెర్జుంటై. 2007లో బెస్తారి జయ అని పేరు మార్చారు గానీ మా నోటికి పాతపేరే వస్తుంది. అక్కడ ఎస్టేటు ఇంట్లో అన్నయ్య జుట్టు పెంచుకుని, 1981లో జొహోర్ బారులో పుట్టిన ‘సర్చ్’ బృందం కేసెట్లు పెడితే, రబ్బరు ఫ్యాక్టరీ నుంచి వచ్చిన నాన్న “ఆ రేకుల మోత ఆపరా!” అనేవారు. 1992లో పొడుగు జుట్టు గాయకులు టీవీలో కనబడరాదని ప్రభుత్వం ఆంక్ష పెట్టినప్పుడు ఆయన సంతోషం ఇంతా అంతా కాదు.

నాన్న మాటలో నిజం ఉందని నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. ఇంగ్లండులోని బర్మింగ్‌హామ్‌లో టోనీ అయోమీ అనే కుర్రవాడు, పదిహేడేళ్ళప్పుడు, రేకుల ఫ్యాక్టరీ యంత్రంలో కుడిచేతి రెండు వేళ్ళ కొనలు పోగొట్టుకున్నాడు. ఎడమచేతివాటం వాడు కనుక గిటారు తీగలు నొక్కేది ఆ చేత్తోనే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్ళకు తొడుగులు చేసుకున్నాడు, పల్చటి తీగలు వేసుకున్నాడు. 1970లో ‘బ్లాక్ సబ్బాత్’ తొలి ఆల్బం వచ్చింది. మరుసటి ఏడు కొన్ని పాటలకు తీగలు వదులుచేసి శ్రుతి దించాడు. బిగువు తగ్గితే కంపనాలు తగ్గుతాయి, నాదం బరువెక్కుతుంది. ఇంతే ఇంజనీరింగు!

తరవాతివి కొమ్మలు. ‘జూడాస్ ప్రీస్ట్’ బ్లూస్ వాసన వదిలించింది. ‘మెటాలికా’ వేగం పెంచితే థ్రాష్. ఫ్లోరిడాలో డెత్ మెటల్, నార్వేలో బ్లాక్ మెటల్ ఎదిగాయి. బ్లాక్ మెటల్ తగదని 2006లో మలేసియా ఫత్వా మండలి తేల్చింది. మన ‘రాక్ కపక్’, అంటే గొడ్డలి రాక్, విషాద ప్రేమగీతాల వైపు మళ్ళింది.

మొన్న నాన్నకు ఆ వేళ్ళ కథ చెప్పాను.

“ఫ్యాక్టరీవాళ్ళు డబ్బులేమైనా ఇచ్చారా?” అన్నారు. తరవాత, “ఏదీ, ఒకటి పెట్టు” అన్నారు.

సగం దాకా విన్నారు.