విదేశీ భాష, విదేశీ నివాసం: దేశాన్ని ఎంచుకునే పద్ధతి

లక్ష్యాలు

ఈ భాగం చదివిన తరవాత మీరు:
- భాష నేర్చుకోవడం, చదువుకోవడం, స్థిరపడడం అనే మూడు ఉద్దేశాల మధ్య తేడాను వివరించగలుగుతారు;
- ఒక భాషలో ఏ స్థాయికి ఎంత శ్రమ, ఎంత కాలం అవసరమో అంచనా వేయగలుగుతారు;
- మీ పరిస్థితికి తగిన దేశాన్ని ఎంచుకోవడానికి ఒక ప్రశ్నావళిని తయారుచేసుకోగలుగుతారు.

1. ఉపోద్ఘాతం

అమీర్‌పేట మెట్రో స్టేషన్ మెట్లు దిగి మైత్రీవనం వైపు నడిస్తే, ఆ కాలానికి ఏ దేశం గిరాకీలో ఉన్నదో బోర్డులే చెబుతాయి. 1990ల చివర ఇక్కడ మెయిన్‌ఫ్రేమ్, కోబాల్ తరగతులు కిటకిటలాడాయి. 2000 సంవత్సరం వచ్చేలోగా పాత కంప్యూటర్ ప్రోగ్రాములలోని తేదీలను సరిచేయాలి కాబట్టి అమెరికాకు మనుషులు కావలసివచ్చారు. తరవాత జావా, టెస్టింగ్ బోర్డులు లేచాయి. ఇప్పుడు అదే గోడల మీద, పంజాగుట్ట దాకా, జర్మన్, జపనీస్, ఫ్రెంచ్ అక్షరాలు కనిపిస్తున్నాయి. తెలుగువారి ఈ వలస వ్యవస్థ మీద షియాంగ్ బియావో అనే మానవశాస్త్రవేత్త 2007లో ఒక గ్రంథమే ప్రచురించాడు.

బోర్డు మారినంత సులువుగా జీవితం మారదు. అమెరికా హెచ్-1బి వీసాల వార్షిక పరిమితిని 2001 నుంచి 2003 ఆర్థిక సంవత్సరం వరకు 1,95,000కు పెంచారు. 2004లో అది మళ్ళీ 65,000కు పడిపోయింది. తలుపు తెరిచి ఉన్నప్పుడు కోర్సులో చేరినవారు, కోర్సు ముగిసేసరికి మూసిన తలుపు ముందు నిలబడ్డారు. కాబట్టి "ఇప్పుడు ఏ దేశానికి డిమాండ్ ఉంది?" అన్నది మనం మొదట అడగవలసిన ప్రశ్న కాదు.

2. మూడు ఉద్దేశాలు

విదేశాలకు వెళ్ళాలనుకునేవారు సాధారణంగా మూడు విషయాలను ఒకే మాటలో కలిపేస్తారు. వాటిని విడదీసి చూద్దాం.

(అ) భాష కోసం వెళ్ళడం: కొన్ని నెలలు లేదా ఒకటి రెండేళ్ళు ఒక దేశంలో ఉండి భాషను పట్టుకోవడం. జపాన్‌లో భాషా పాఠశాల విద్యార్థికి అనుమతి తీసుకుంటే వారానికి 28 గంటల వరకు పని చేసే వీలుంటుంది. కాని విద్యార్థిగా ఉన్నంత మాత్రాన ఆ దేశంలో స్థిరపడే హక్కు రాదు.

(ఆ) డిగ్రీ కోసం వెళ్ళడం: జర్మనీలో చాలా ప్రభుత్వ విశ్వవిద్యాలయాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. బాడెన్-వుర్టెంబెర్గ్ రాష్ట్రం మాత్రం 2017 నుంచి యూరోపియన్ యూనియన్ బయటి విద్యార్థుల వద్ద సెమిస్టరుకు 1,500 యూరోలు వసూలు చేస్తున్నది. అంటే ఒకే దేశంలో కూడా రాష్ట్రాన్ని బట్టి లెక్క మారుతుంది.

(ఇ) స్థిరపడడం: భాష కష్టమైనంత మాత్రాన స్థిరపడడం కష్టమని కాదు, భాష తెలిసినదైతే స్థిరపడడం సులభమనీ కాదు. అమెరికాలో కొత్త భాష నేర్చుకోనక్కరలేదు. కాని ఉద్యోగ ప్రాతిపదికన ఏటా ఇచ్చే గ్రీన్‌కార్డులలో ఏ ఒక్క దేశంలో పుట్టినవారికీ సాధారణంగా 7 శాతానికి మించి దక్కవు. దరఖాస్తుదారులు ఎక్కువగా ఉన్న భారతీయుల నిరీక్షణ అందువల్లనే ఏళ్ళ తరబడి సాగుతుంది.

3. భాష: ఏ స్థాయికి ఎంత కాలం?

యూరప్ భాషల నైపుణ్యాన్ని ఎ1, ఎ2, బి1, బి2, సి1, సి2 అనే ఆరు మెట్లుగా విభజించారు. ఎ1 అంటే పేరు, ఊరు చెప్పుకొని చిన్న అవసరాలు తీర్చుకోగలగడం. బి1 అంటే రోజువారీ బతుకు నడుపుకోగలగడం. బి2 అంటే పని చోట వాదన విని, తిరిగి వాదించగలగడం. జర్మనీలో నర్సుగా గుర్తింపు పొందడానికి సాధారణంగా బి2 కావాలి.

బి2 చేరడానికి 45 నిమిషాల పాఠాలు సుమారు 600 నుంచి 800 కావాలని గోథె సంస్థ అంచనా. రోజుకు రెండు గంటలు, వారానికి ఆరు రోజులు చదివితే వారానికి 16 పాఠాలు అవుతాయి. ఆ లెక్కన 38 నుంచి 50 వారాలు పడుతుంది. "ఆరు నెలల్లో బి2" అన్న ప్రకటన చూసినప్పుడు ఈ భాగహారం చేసి చూడండి. అది అసాధ్యం కాదు, కాని రోజుకు మూడు నుంచి నాలుగు గంటలు చదవనిదే కుదరదు. ఉద్యోగం చేస్తూ చదివే దూరవిద్యా విద్యార్థికి ఆ మూడు, నాలుగు గంటలు ఎక్కడి నుంచి వస్తాయన్నది అసలు ప్రశ్న.

తెలుగు మాతృభాషగా ఉండడం కూడా లెక్కలోకి వస్తుంది. "నేను అన్నం తిన్నాను" అన్న వాక్యాన్ని జపనీస్‌లో "వతాషి వ గోహన్ ఒ తబెమాషిత" అంటారు. కర్త, కర్మ, చివర క్రియ: వరుస మనదే. "వ", "ఒ" అన్నవి మన విభక్తి ప్రత్యయాల మాదిరిగా నామం తరవాత వస్తాయి. కాబట్టి ఇంగ్లీషు మాట్లాడేవారిని తికమకపెట్టే వాక్యనిర్మాణం మనల్ని అంతగా భయపెట్టదు. మనకు భారమయ్యేది లిపి. నిత్యవ్యవహారానికి నిర్దేశించిన కంజి అక్షరాలే 2,136.

జర్మన్‌లో లిపి తేలిక, లింగవ్యవస్థ కష్టం. "అమ్మాయి" అన్న మాట అక్కడ నపుంసకలింగం. ఇంగ్లీషు నుంచి వెళ్ళినవారు దీనికి నవ్వుతారు. "బండి వచ్చింది, అమ్మాయి వచ్చింది" అని ఒకే క్రియారూపం వాడే మనకు అందులో వింత ఉండకూడదు.

పరీక్షల స్వభావాన్ని కూడా గమనించాలి. గోథె బి1, బి2 పరీక్షలలో చదవడం, వినడం, రాయడం, మాట్లాడడం అనే నాలుగు విభాగాలుంటాయి. ప్రతిదానిలోనూ 60 శాతం రావాలి. జపనీస్ సామర్థ్య పరీక్షలో (ఎన్5 నుంచి ఎన్1) మాట్లాడే విభాగమే లేదు. కాబట్టి ఆ పత్రం ఉన్నంత మాత్రాన నోరు తిరిగిందని అనుకోరాదు.

4. నివాసం: ఎన్నేళ్ళు, ఎవరితో?

జర్మనీ: నైపుణ్యం గల ఉద్యోగులు మూడేళ్ళు పనిచేసి, బి1 స్థాయి భాష చూపితే స్థిరనివాస అనుమతికి దరఖాస్తు చేయవచ్చు. బ్లూకార్డు ఉన్నవారికి ఎ1తో 27 నెలలు, బి1తో 21 నెలలు చాలు. ఇక్కడ భాషే కాలాన్ని ఆరు నెలలు తగ్గిస్తున్నదని గమనించండి. 2024 జూన్ నుంచి పౌరసత్వానికి కావలసిన నివాసకాలం ఎనిమిదేళ్ళ నుంచి అయిదేళ్ళకు తగ్గింది.

జపాన్: 2019 ఏప్రిల్‌లో ప్రవేశపెట్టిన నిర్దిష్ట నైపుణ్య వీసాకు ఎన్4 స్థాయి లేదా దానికి సమానమైన పరీక్ష, వృత్తి పరీక్ష కావాలి. దీని మొదటి తరగతిలో మొత్తం అయిదేళ్ళే ఉండగలరు. సాధారణంగా భార్యాబిడ్డలను తీసుకుపోలేరు. శాశ్వత నివాసానికి మామూలుగా పదేళ్ళు పడుతుంది.

ఫ్రాన్స్: 2024 చట్టం ప్రకారం 2026 నుంచి పౌరసత్వానికి కావలసిన ఫ్రెంచ్ స్థాయి బి1 నుంచి బి2కు పెరిగింది.

ఏ దేశ పౌరసత్వం తీసుకున్నా భారత పౌరసత్వం పోతుంది. మన చట్టం ద్వంద్వ పౌరసత్వాన్ని అంగీకరించదు. ఓసీఐ కార్డుతో ఇక్కడికి రాకపోకలు సాగించవచ్చు, ఉండవచ్చు. కాని ఓటు ఉండదు, వ్యవసాయ భూమి కొనే హక్కు ఉండదు. పొలం అమ్మి పిల్లలను పంపే కుటుంబాలు ఈ ఒక్క విషయం ముందే తెలుసుకోవాలి.

5. ఒక సందర్భ అధ్యయనం

ఆదివారం తరగతులకు వచ్చే నా విద్యార్థిని ఒకామె ప్రైవేటు ఆసుపత్రిలో నర్సు. స్నేహితురాలు చేరిందని తానూ ఒక శిక్షణ కేంద్రంలో జర్మన్‌కు డబ్బు కట్టింది. పగటి తరగతుల కోసం ఉద్యోగం మానేసింది. ఆరు నెలల్లో బి2 పుస్తకం పూర్తయింది, భాష పూర్తికాలేదు. బి1 పరీక్ష రాస్తే మాట్లాడే విభాగంలో తప్పింది. నా దగ్గరకు తండ్రితో కలిసి వచ్చింది. ఆయన వికారాబాద్ వైపు రైతు. నేనేదో చెప్పబోయేలోగా ఆయనే అడిగాడు: "బిడ్డా, ఆడ ఎన్నేండ్లుంటవ్? మల్ల వస్తవా?" ఆమె దగ్గర జవాబు లేదు. నిజానికి నా దగ్గరా లేదు. అప్పటిదాకా నేను కూడా పరీక్ష గురించే ఆలోచించాను.

ఆ రోజు ముగ్గురం కూర్చొని కాగితం మీద రాసుకున్నాం. ఎన్నేళ్ళు, ఎంత అప్పు, వెనక్కి వస్తే ఏ పని, తమ్ముడి చదువు ఎవరు చూడాలి. ఆమె తిరిగి రాత్రి డ్యూటీలో చేరింది. ఆ పరీక్షలో తప్పిన విభాగాన్ని మాత్రమే మళ్ళీ రాసే వీలుంది కాబట్టి, నాలుగు నెలల తరవాత ఆ ఒక్కటీ రాసి నెగ్గింది. బి2 ఇంకా చదువుతున్నది. ఆలస్యమైంది, కాని పొలం తాకట్టు పడలేదు.

6. ఎంపికకు అయిదు ప్రశ్నలు

కింది ప్రశ్నలను ఇదే వరుసలో వేసుకోండి. మొదటిదానికి జవాబు రానిదే రెండోదానికి పోవద్దు.

1) నేను ఎన్నేళ్ళు ఉండదలచాను? నాతో ఎవరు రావాలి?
2) నా చదువు, వృత్తి ఆ దేశంలో గుర్తింపు పొందుతాయా? దానికి ఏ భాషాస్థాయి కావాలి?
3) ఉద్యోగం మానకుండా ఆ స్థాయికి చేరడానికి నాకు ఎన్ని నెలలు పడుతుంది?
4) మొదటి ఏడాది ఖర్చు ఎంత? (జర్మనీ విద్యార్థి వీసాకు 2024 సెప్టెంబరు నుంచి బ్లాక్డ్ ఖాతాలో ఏడాదికి 11,904 యూరోలు, అంటే నెలకు 992 చొప్పున చూపాలి.)
5) అనుకున్నది జరగకపోతే, నేర్చుకున్న భాష ఇక్కడ నాకు ఎట్లా ఉపయోగపడుతుంది?

అయిదో ప్రశ్నను చాలామంది వదిలేస్తారు. హైదరాబాదులోనే విదేశీ భాషతో పని దొరికే సంస్థలున్నాయి. తార్నాకలోని ఇంగ్లీషు, విదేశీ భాషల విశ్వవిద్యాలయం, 1958లో కేంద్రీయ ఆంగ్ల సంస్థగా మొదలై, నేడు అనేక విదేశీ భాషలను బోధిస్తున్నది. అమీర్‌పేట నుంచి అక్కడికి మెట్రోలో మారకుండా చేరవచ్చు.

డబ్బు కట్టేముందు మరొక జాగ్రత్త. విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపే ఏజెంట్లు 1983 వలసల చట్టం కింద నమోదై ఉండాలి. వారు తీసుకోదగిన సేవా రుసుము 30,000 రూపాయలు, దానిపై జీఎస్టీ మాత్రమే. ఏజెంటు నమోదును ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో సరిచూడవచ్చు. తెలంగాణ ప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ కూడా విదేశీ నియామకాలు చేపడుతుంది. వీసా నియమాలు తరచు మారుతుంటాయి. చివరి మాట ఎప్పుడూ ఆయా దేశాల రాయబార కార్యాలయానిదే, బోర్డుది కాదు.

7. సారాంశం

దేశం ఎంపిక భాషతో మొదలుకాదు, వీసాతో మొదలుకాదు; ఎంతకాలం, ఎవరితో అన్న నిర్ణయంతో మొదలవుతుంది. దాని తరవాత వృత్తి గుర్తింపు, భాషాస్థాయి, కాలం, ఖర్చు వరుసగా వస్తాయి. తెలుగు తెలిసినవారికి కొన్ని భాషలలో కొన్ని సౌలభ్యాలున్నాయి, వాటిని వాడుకోవాలి. తిరిగివచ్చే దారిని కూడా ముందే ఆలోచించుకున్నవారు నిశ్చింతగా వెళ్ళగలుగుతారు.

8. మీ ప్రగతిని పరీక్షించుకోండి

1) భాష కోసం వెళ్ళడానికి, స్థిరపడడానికి గల తేడాను రెండు దేశాల ఉదాహరణలతో వివరించండి.
2) రోజుకు గంటన్నర, వారానికి అయిదు రోజులు చదివే విద్యార్థి 600 పాఠాలు పూర్తిచేయడానికి ఎన్ని వారాలు పడుతుంది? (జవాబు: 60 వారాలు)
3) ఆరో విభాగంలోని అయిదు ప్రశ్నలకు మీ జవాబులు రాసి, ఇంట్లో పెద్దవారికి చదివి వినిపించండి. వారు అడిగిన కొత్త ప్రశ్నను ఆరోదిగా చేర్చండి.