ఫిడేలు నాయుడు గారు

విశాఖపట్నం అంటే మనకు ఏం గుర్తొస్తుంది? ఓడరేవు. ఉక్కు ఫ్యాక్టరీ. సముద్రం. ఈ ఊళ్లో పెరిగిన ఒక పిల్లవాడు ఫిడేలు వాయించి దేశమంతా పేరు తెచ్చుకున్నాడు. ఆయన పేరు ద్వారం వెంకటస్వామి నాయుడు.

ఫిడేలు మీరు చూసే ఉంటారు. దాన్నే వయొలిన్ అంటారు. దానికి నాలుగు తీగలుంటాయి. కమాను అనే పుల్లకు గుర్రం వెంట్రుకలు కట్టి ఉంటాయి. కమానుతో తీగల మీద రాస్తే పాట పలుకుతుంది. ఇది మన దేశపు వాయిద్యం కాదు. యూరప్ నుంచి వచ్చింది. రెండు వందల ఏళ్ల కిందట మనవాళ్లు దీన్ని మన సంగీతానికి మలుచుకున్నారు.

నాయుడు గారు 1893లో దీపావళి నాడు బెంగుళూరులో పుట్టారు. తండ్రి సైన్యంలో పనిచేసేవారు. తర్వాత ఆ కుటుంబం విశాఖపట్నం చేరింది. పిల్లవాడికి చిన్నప్పటి నుంచి కంటిచూపు తక్కువ. అందుకని బడి చదువు ఎక్కువ కాలం సాగలేదు.

మరి ఆ పిల్లవాడు ఏమైపోవాలి? అన్నగారు వెంకటకృష్ణయ్య ఊరుకోలేదు. తమ్ముడి చేతికి ఫిడేలు ఇచ్చి తనే నేర్పారు. ఫిడేలుకు చూపుతో పని తక్కువ. చెవి ఉండాలి, చెయ్యి ఆడాలి. తమ్ముడు పట్టుదలగా సాధన చేశాడు.

1919లో విజయనగరంలో మహారాజా వారి సంగీత కళాశాల పెట్టారు. ఆదిభట్ల నారాయణదాసు గారు దానికి పెద్ద. నాయుడు గారు అక్కడ విద్యార్థిగా చేరదామని వెళ్లారట. ఆయన వాయించింది విని, "నువ్వు నేర్చుకోవడం కాదు, నేర్పు" అన్నట్టుగా దాసు గారు పంతులు ఉద్యోగమే ఇచ్చారని చెప్పుకుంటారు. 1936లో ఆ కళాశాలకే నాయుడు గారు ప్రిన్సిపాల్ అయ్యారు. బడి చదువు సాగని మనిషి కాలేజీకి పెద్ద అయ్యారు!

ఇంకో సంగతి వినండి. ఆ రోజుల్లో కచేరీలో పాడేవారు మధ్యలో కూర్చునేవారు. ఫిడేలు వాయించేవారు పక్కన కూర్చునేవారు. పాటకు తోడుగా వాయించడమే వారి పని. అందుకే ఫిడేలును పక్కవాద్యం అనేవారు. ఫిడేలు ఒక్కటే కచేరీ నడపగలదా? నడపగలదని నాయుడు గారు చూపించారు. 1938లో వేలూరులో ఫిడేలే ప్రధానంగా కచేరీ చేశారు. పాడేవారు లేరు. ఫిడేలే పాడింది. ఆయన కమాను పొడవుగా, నిదానంగా లాగేవారు. అందుకే ఆ నాదం గొంతు పలికినట్టే తియ్యగా ఉండేది.

1941లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1952లో యెహూదీ మెనూహిన్ అనే పేరున్న విదేశీ వయొలిన్ విద్వాంసుడు మన దేశం వచ్చాడు. నాయుడు గారి వాయిద్యం విని ఎంతో మెచ్చుకున్నాడు. 1957లో ప్రభుత్వం పద్మశ్రీ ఇచ్చింది. 1964లో నాయుడు గారు కన్నుమూశారు. 1993లో ఆయన బొమ్మతో తపాలా బిళ్ల వచ్చింది.

నాయుడు గారు తన విద్యను దాచుకోలేదు. ఎందరో శిష్యులకు నేర్పారు. కూతురు మంగతాయారుకూ నేర్పారు. ఆవిడ కూడా వేదికల మీద ఫిడేలు కచేరీలు చేశారు.

అన్న చేతి నుంచి తమ్ముడికి, తండ్రి చేతి నుంచి కూతురికి ఆ విద్య అందింది. మీ ఇంట్లో మీకు ఏ పని ఎవరు నేర్పారు? మీరు ఎవరికి నేర్పారు? నలుగురూ కూర్చుని మాట్లాడుకోండి. వారి పేర్లు మీ పలక మీద రాయండి.